అసలు తుపాకి – నకలు తుపాకి

మెదక్ పట్టణమున కొండమీది కోటకు వెళ్ళువారు ప్రథమద్వారమును, సింహద్వారమును, గజద్వారమును చూచుచు పైకెక్కుదురు. ఆ కోటలో ఒక పాత ఫిరంగి కలదు. అది 17వ శతాబ్దము నాటిది, పొడవు 3.2 మీటర్లు. కాకతీయుల కాలమున వెలసి, పిమ్మట బహమనీలకును, కుతుబ్‌షాహీలకును దక్కిన ఈ దుర్గమునకు మెతుకు దుర్గమని పూర్వనామము. ఇప్పుడు ఆ ఫిరంగిలో మందు కూరువారు లేరు. వత్తి ముట్టించువారు లేరు. చూడవచ్చిన పిల్లలు దాని వీపు నిమిరి పోవుదురు. కొండక్రింది వీధులలో మాత్రము దీపావళి దినములందు పిల్లలు చేతబట్టిన రేకు తుపాకులు సందుసందునను టపటప మ్రోగుచుండును.

మ్రోగని ఫిరంగి అసలుది. మ్రోగుచున్న తుపాకి నకలుది. కావున మ్రోతను బట్టి అసలు నకలు తేల్చుటకు వీలులేదు. ఈ కాలపు బొమ్మలు చేయువారి నేర్పు వలన రూపమును బట్టి తేల్చుటకును వీలులేకున్నది. మరి దేనిని బట్టి తేల్చవలెను? ఇంటిలో పిల్లలున్న ప్రతివారికిని, తాతతండ్రుల ఆయుధములు చేతికివచ్చిన కుటుంబములకును, నాటకములు ఆడువారికిని, పొలమున కోతులను అదలించు రైతులకును ఈ ప్రశ్నతో పనియున్నది. ఇందు పొరపడినచో కన్ను పోవచ్చును, ప్రాణము పోవచ్చును, చెరసాలయు ప్రాప్తింపవచ్చును.

గొట్టములోని గుట్టు

తుపాకి అను మాట తురుష్కభాషనుండియు, ఫిరంగి అను మాట ఐరోపావారికి మనదేశమున పేరైన 'ఫరంగీ' నుండియు వచ్చినవి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. సూత్రము మాత్రము ఒక్కటే. ఒక కొన మూసిన గొట్టములో మందు దట్టించి, దానిపై గుండు వేసి, మందు నంటించినచో అది క్షణములో వేడి వాయువుగా మారును. ఆ వాయువు తానుండుటకు చోటుచాలక అన్నివైపులకును త్రోయును. గొట్టపు గోడలు కదలవు, మూసిన కొన కదలదు, కదలగలది గుండొక్కటే. కావున గుండు ముందునకు దూసికొనిపోవును. భుజమున కానించు మడమ, వ్రేలితో లాగు మీట, గురిచూచు మొన, ఇవన్నియు ఈ పనికి తోడ్పడు పరికరములు మాత్రమే.

అసలు తుపాకికి ప్రాణము గొట్టపు బలము. పూర్వకాలపు పోతపనివారికి ఇదియే పెద్ద పరీక్ష. పోతలో ఒక గాలిబుడగ మిగిలినను, లోహమున కనబడని పగులొకటి యున్నను, ఫిరంగి శత్రువుకంటె ముందు తన గోలందాజునే బలిగొనెడిది. అందుచేత ఫిరంగులు పోయు విద్యను రాజులు కంటిపాపవలె కాపాడిరి. నిజాము కొలువున నుండిన ఫ్రెంచి సేనాని రేమండు 1795లో హైదరాబాదున నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా 'తోప్ కా సాంచా' యని ప్రసిద్ధిగాంచెను. గన్‌ఫౌండ్రీ అను పేటపేరున అది నేటికిని జనుల నోట నిలిచియున్నది. నిర్మల్ పట్టణమునకు రెండు పేర్లు దక్కినవి: అచ్చటి పొణికి కఱ్ఱబొమ్మలు ఒకటి, నిజాము సైన్యమునకై అచ్చట పోసిన ఫిరంగులు రెండవది. ఒకే ఊరిలో ఒక చేయి కఱ్ఱను చెక్కి బొమ్మను చేసెను. మఱొక చేయి లోహమును కరగించి ఆయుధమును పోసెను. రెంటికిని నేర్పు కావలెను. రెండవదానికి, నేర్పుతోబాటు, లోపల పుట్టెడి నిప్పును భరింపగల లోహముకూడ కావలెను. అసలునకును బొమ్మకును గల భేదమంతయు ఇందే యిమిడియున్నది.

ఆ విద్య నేడెంతవరకు వచ్చినదో చూడవలెనన్న ఉమ్మడి మెదక్ జిల్లాలోనే నిదర్శనము కలదు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాకు చెందిన ఎద్దుమైలారములో 1984లో స్థాపింపబడిన ఆయుధ కర్మాగారము 'శరత్' అను సాయుధ శకటములను తయారుచేయును. వానిపై నమర్చు ఫిరంగి నాళపు లోవెడల్పు 30 మిల్లీమీటర్లు మాత్రమే. కాని అది నిమిషమునకు 200కు మించిన గుండ్లను వరుసగా పేల్చగలదు. కోటలోని ఫిరంగి కాలమున ఒక్కొక్క గుండునకును నాళము తుడిచి, మందు కూరి, గుండు దించి, వత్తి ముట్టింపవలసి యుండెను.

చేతి తుపాకులలో మనవారికి మిక్కిలి పరిచితమైనది పాయింటు 303 రైఫిలు. మన పోలీసులును, ఎన్.సి.సి. విద్యార్థులును దీనిని దశాబ్దములపాటు వాడిరి. దీని బరువు సుమారు 4 కిలోలు. గుండు బరువు 11 గ్రాములకు కొంచెము పైమాట. అది సెకండునకు సుమారు 744 మీటర్ల వేగముతో వెలువడును. తూటా మండిన క్షణమున లోపల కలుగు పీడనము మన చుట్టునున్న గాలి పీడనమునకు 3,000 రెట్లు మించును. నిండుగా గాలికొట్టిన లారీ చక్రములోని పీడనము ఏడెనిమిది రెట్లు మాత్రమేయని తలచినచో ఈ సంఖ్య యెంతటిదో బోధపడును. నాళము లోపల ఐదు గాళ్ళు ఎడమవైపునకు మెలికలు తిరిగి యుండును. గుండు వాని నొరసికొని బొంగరమువలె గిరగిర తిరుగుచు పోవుటచేత గురి చెదరదు. ఆ గుండునందలి శక్తి సుమారు 3,100 జౌలులు. అనగా 50 కిలోల బియ్యపు బస్తాను 6 మీటర్ల యెత్తున కెత్తగల శక్తి. అంత శక్తియు చిటికెనవ్రేలి కొనయంత చోట తగులును.

నకలు తుపాకులలో రకములు

నకలు తుపాకులన్నియు ఒక జాతివి కావు. మొదటి రకము రూపమాత్రము గలవి: కఱ్ఱతోనో, రబ్బరుతోనో, ప్లాస్టికుతోనో చేసినవి. నాటకములలో సిపాయి వేషధారి భుజమున కనబడునవి ఇవియే. వీనికి గొట్టముండదు, ఉన్నను అది నిప్పును భరింపలేదు.

రెండవ రకము శబ్దము చేయునవి. దీపావళి రీలు తుపాకి ఈ తెగకు చెందినది. కాగితపు చుట్టపై చుక్కలుగా అంటించిన పొట్టాసు మందుపై రేకు సుత్తి పడినంతనే అది పేలును. ఇందు గుండు లేదు, గొట్టములో త్రోపుడు లేదు. దెబ్బతగిలినచోటనే మంట పుట్టి అచ్చటనే ఆరును. అయినను చెవిదగ్గర పేల్చినచో వినికిడికి హాని. చుట్టలను జేబులో కుక్కికొనినచో ఒరపిడికి అంటుకొనవచ్చును. వీనికి పూర్వపు చుట్టము వెదురు గొట్టపు తుపాకి. గొట్టములో రెండు కాయలు దూర్చి వెనుకనుండి పుల్లతో నెట్టినచో, నడుమనున్న గాలి నలిగి ముందటి కాయను ఠప్పున త్రోయును. కాకతీయ వంశజులమని చెప్పుకొనిన బస్తరు రాజుల నగరమైన జగదల్‌పూరులో గోంచా పండుగనాడు భక్తులు 'తుప్‌కీ' అను నిట్టి వెదురు తుపాకులలో పెంగు కాయలు పెట్టి పేల్చి జగన్నాథునకు వందన మొనర్తురు. ఆ పేరును మన తుపాకి మాటయు ఒక్క తల్లిబిడ్డలు.

మూడవ రకము అలంకారపు నకలు. ఇది లోహముతో, ఇంచుమించు అసలు బరువుతోనే చేయబడును. గోడకు వ్రేలాడదీసినచో చూచువాడు మోసపోవును. కాని దీని లోహము మెత్తనిది, నాళము మూయబడియుండును, తూటా పట్టు చోటుండదు.

నాలుగవ రకము విచిత్రమైనది. ఇది ఒకప్పుడు అసలు తుపాకియే. బుద్ధిపూర్వకముగా దాని శక్తిని తీసివేసియుందురు. కవాతు నేర్పుటకు వాడు డ్రిల్లు రైఫిలు ఇట్టిది. దానిపై 'డి.పి.' అను గుర్తు వేయుదురు. మోయుటకును, భుజము మార్చుటకును, వందనము చేయుటకును అది అసలు దానివలెనే పనికివచ్చును. పేల్చుటకు మాత్రము పనికిరాదు. నేర్చుకొనువాని పొరపాటు ప్రాణాంతకము కాకుండుటకు ఇది మంచి ఉపాయము.

ఐదవది ఖాళీ తూటాలను పేల్చు తుపాకి. సినిమాలలో మంటయు, పొగయు, చప్పుడును కావలెనన్న దీనిని వాడుదురు. ఆరవది గాలి తుపాకి. ఏడుపాయల వంటి జాతరలలో బెలూనులను కొట్టుటకు అంగడివారు చేతికిచ్చునది ఇదే. ఈ రెంటిని నకలు తుపాకులని పిలుచుట వాడుకయే కాని, ఆ పేరు వీనికి పూర్తిగా తగదు. కారణము ముందు తెలియును.

దుంగలు చేసిన యుద్ధము

నకలు ఆయుధము పేలకపోయినను పనిచేయును. దాని పని కంటిమీద జరుగును. అమెరికా అంతర్యుద్ధ కాలమున 1861–62 శీతకాలములో వర్జీనియాలోని సెంటర్‌విల్ వద్ద దక్షిణరాష్ట్రముల సేన చెట్టుదుంగలకు నల్లరంగు పూసి, బురుజుల కంతలనుండి మొనలు కనబడునట్లు నిలిపెను. ఎదుటి సేన దూరమునుండి చూచి అవి నిజమైన ఫిరంగులని తలచెను. 1862 మార్చిలో దక్షిణసేన వెడలిపోయిన పిదప వచ్చి చూడగా దుంగలు కనబడెను. హింస కూడదను క్వేకరు మతస్థుల పేర లోకము వీనికి క్వేకరు ఫిరంగులని పేరుపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున 1944లో అమెరికా సేన గాలినింపిన రబ్బరు ట్యాంకులతో జర్మనులను ఇదేవిధముగా ఏమార్చెను.

ఈ కథలు వినుటకు సొంపుగా నుండును. వీనినుండి గ్రహింపవలసిన విషయము మాత్రము గంభీరమైనది. ఎదుటివాడు తన కంటికి కనబడినదానినిబట్టి నడచుకొనును. నాళము లోపల ఏమున్నదో వానికి తెలియదు. భయపడి పారిపోవచ్చును, భయపడి కాల్చనూవచ్చును.

పోల్చిచూచుట యెట్లు?

తెలిసినవాడు తుపాకిని చేతికి తీసికొని చూచినచో అసలు నకలు కొంతవఱకు తేల్చగలడు. అసలుది బరువుగా నుండును. ఆ బరువు ముందువెనుకలకు సరితూగి యుండును. ప్లాస్టికు బొమ్మకు రెండు సగములను అతికిన గీత కనబడును. అసలు దానికి క్రమసంఖ్యయు, తయారీ గుర్తులును, పరీక్షచేసిన ముద్రలును లోహమున చెక్కబడియుండును. అసలు నాళపు మొన దళసరిగా నుండి రంధ్రము లోపలివఱకు నునుపుగా సాగును. బొమ్మలో రంధ్రము కొంతదూరము పోయి ఆగును.

ఈ పరీక్షలన్నియు చేతిలో నున్నప్పటి మాట. చీకటిలో, పది గజముల దూరమున, ఎదుటివాని చేయి మనవైపు చాచియున్నపుడు వీనిలో నొక్కటియు పనికిరాదు. 2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఒక ఉద్యానవనమున తమీర్ రైస్ అను 12 ఏండ్ల బాలుడు బొమ్మ తుపాకితో ఆడుకొనుచుండెను. అది ప్లాస్టికు గుళ్ళను విడుచు తుపాకి. అసలు పిస్తోలును పోలియుండెను. బొమ్మయని తెలుపుటకు మొనయందుండవలసిన నారింజరంగు తొడుగు దానిపై లేకుండెను. పోలీసులు వచ్చిన కొద్ది క్షణములలోనే కాల్పులు జరిగెను. మరునాడు బాలుడు మరణించెను. ఆ దేశమున బొమ్మ తుపాకుల మొనకు ఆ రంగు గుర్తుండవలెనని 1988లోనే శాసనము చేసియుండిరి. ఒక చిన్న తొడుగు ఊడినంత మాత్రమున ఆ శాసన మందించిన రక్షణయు ఊడెను. బ్రిటనులో 2006 నాటి చట్టము మఱొక అడుగు ముందునకు పోయి, అసలును పోలిన నకలు తుపాకుల అమ్మకమునే, కొన్ని మినహాయింపులతో, నిషేధించెను.

పేరు నకలు, హాని అసలు

ఇప్పుడు నకలుగా కనబడి హానిచేయు వాని విషయము చెప్పవలెను. ఖాళీ తూటాలో గుండు లేదుకాని మందున్నది. దగ్గరనుండి పేల్చినచో వెలువడు వేడివాయువే శరీరమును చీల్చగలదు. 1993 మార్చి 31న అమెరికాలో 'ది క్రో' అను చిత్రము తీయుచుండగా నటుడు బ్రాండన్ లీ తుపాకి దెబ్బకు మరణించెను. అంతకు పూర్వము దగ్గరచూపు చిత్రమునకై వాడిన ఉత్తుత్తి తూటానుండి ఊడిన గుండు నాళములో చిక్కుకొని యుండెను. ఎవ్వరును చూడలేదు. పిమ్మట అదే తుపాకిలో ఖాళీ తూటా వేసి పేల్చగా, దాని మందు ఆ గుండును త్రోసెను. రెండు నకలు తూటాలు కలిసి ఒక అసలు తూటా అయ్యెను. 2021 అక్టోబరు 21న 'రస్ట్' అను చిత్రపు సన్నాహములో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించినది. అచ్చట ఉత్తుత్తి తూటాల నడుమ నిజమైన తూటా యొకటి చేరియుండెను. 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' మొదలుకొని మన తెరపైనను తుపాకి వీరులకు కొదువలేదు. తెరమీది తుపాకిని చూచి చప్పట్లు కొట్టునపుడు దాని వెనుక ఎంత జాగ్రత్త కావలెనో ఈ రెండు మరణములు తెలుపుచున్నవి.

గాలి తుపాకి మాట కూడ ఇట్టిదే. సాధారణపు గాలి తుపాకి గుండులో 303 రైఫిలు గుండు శక్తిలో నూటయేబదవ వంతైనను ఉండకపోవచ్చును. అయినను కంటికి తగిలినచో చూపు పోవుటకు ఆ మాత్రము చాలును. పక్షులను కొట్టుటకు పిల్లల చేతికి దీని నిచ్చుట పిల్లలకును, పక్షులకును క్షేమము కాదు.

మన పల్లెలలో మఱొకటి వ్యాపించినది. కోతులును, అడవిపందులును పంటలను పాడుచేయుటచే రైతులు ప్లాస్టికు గొట్టములో కార్బైడు వేసి, నీరు తగిలించి, పుట్టిన వాయువును నిప్పురవ్వతో పేల్చి పెద్ద చప్పుడు చేయుచున్నారు. పాపము, పంట చేతికి రాని రైతు బాధను తప్పుపట్టలేము. కాని ఈ గొట్టము నిప్పును భరించుటకు చేసినది కాదు. పేలలేదేమని తొంగిచూచిన ముఖము మీదనే అది పేలును. 2025 దీపావళికి మధ్యప్రదేశములో పిల్లలు ఇట్టి కార్బైడు గొట్టములను ఆటవస్తువులుగా వాడగా అనేకుల కన్నులు దెబ్బతిని ఆస్పత్రుల పాలైరి. ఆ గొట్టమును చూచి తుపాకి యనువాడు లేడు; గాయమును చూచి ఆటవస్తువు చేసినదనువాడును లేడు.

ఇందుకు సరిగా ఎదురైన ఉదాహరణము నాటు తుపాకి. తెలంగాణ పల్లెలలో బర్మారు అని పిలుచు, మొననుండి మందు దట్టించెడి తుపాకి పేరు 1946–51 నడుమ జరిగిన సాయుధ పోరాటపు కథలలో తఱచు వినబడును. ఒక గొట్టము, ఒక కఱ్ఱ, నాలుగు కట్లు. చూచుటకు బొమ్మకంటె హీనముగా నుండును. అయినను అది అసలు తుపాకియే. మందు దట్టించి మూలన నిలిపి మరచిన బర్మారు ఏండ్లు గడచిన తరువాతనైనను పేలవచ్చును. తుప్పుపట్టినది కదా యని పిల్లల చేతికిచ్చుట నిప్పును ఒడిలో కట్టుకొనుట వంటిది.

చట్టము చెప్పునది

మనదేశమున 1959 నాటి ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనున్నది. నకలు తుపాకి అనగా నేమియో ఆ చట్టమే నిర్వచించినది. గుండును విడువగలిగినను విడువలేకున్నను, తుపాకివలె కనబడు వస్తువేదైనను నకలు తుపాకియే. అనగా చట్టము రూపమునకును ఒక బలమున్నదని గుర్తించినది. ఆ రూపముతో ఏమి చేసితివని అది ప్రశ్నించును.

అరెస్టును తప్పించుకొనుటకో, ఇతరుల అరెస్టును అడ్డగించుటకో అసలు తుపాకినిగాని నకలు తుపాకినిగాని చూపినవానికి 28వ సెక్షను క్రింద ఏడేండ్లవఱకు ఖైదును, జుర్మానాయు విధింపవచ్చును. "అది ఉత్తి బొమ్మ, అయ్యా!" అని చెప్పినంత మాత్రమున విడుదల లేదు. దారిదోపిడి విషయమునను ఇంతే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, తక్షణ ప్రాణభయముగాని గాయభయముగాని కలిగించి సొత్తు దొంగిలించుట దోపిడిగా చెప్పబడినది. భయము కలిగినవాని గుండెకు ప్లాస్టికు, ఉక్కు అను భేదము తెలియదు.

నకలు తుపాకిని అసలు తుపాకిగా మార్చుట మఱింత ఘోరమైన నేరము. అనుమతి లేక అట్లు మార్చుటను 6వ సెక్షను నిషేధించుచున్నది. 2019లో చేసిన సవరణ తరువాత దీనికి శిక్ష కనీసము ఏడేండ్ల ఖైదు. అది యావజ్జీవము వఱకు పోవచ్చును. ఇంత కాఠిన్యమేల యని తోచవచ్చును. 2015 జనవరిలో పారిస్ నగరపు అంగడిలో జరిగిన హత్యాకాండలో వాడిన తుపాకులలో కొన్ని, శక్తి తీసివేసినవని చెప్పి స్లొవేకియాలో బహిరంగముగా అమ్మినవి. దుర్మార్గులు వానిని తిరిగి పనికివచ్చునట్లు చేసిరి. ఆ యేడాదియే ఐరోపా సంఘము తుపాకులను శాశ్వతముగా నిరుపయోగము చేయు పద్ధతికి కఠిన నియమములు చేసెను. నకలునకును అసలునకును నడుమ గోడ పలుచనైనచోట సమాజమునకు ముప్పు.

గాలి తుపాకులకు 2016 నాటి ఆయుధ నియమములు హద్దు గీసినవి. గుండు శక్తి 20 జౌలులనుగాని, నాళపు వెడల్పు 4.5 మిల్లీమీటర్లనుగాని మించినచో దానికి లైసెన్సు కావలెను. 20 జౌలులనగా రెండు కిలోల బరువును ఒక మీటరు ఎత్తు కెత్తు శక్తి.

తాతలనాటి తుపాకుల విషయమున చట్టము కొంత దయచూపినది. పాత పద్ధతిదియో, ప్రాచీన వస్తువుగా విలువగలదియో, పాడైపోయినదియో అయి, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనిచేయలేని ఆయుధమునకు 45వ సెక్షను మినహాయింపు నిచ్చును. 'మరమ్మతు చేసినను' అను మాటను గమనింపవలెను. ఇప్పుడు పేలదని చెప్పిన చాలదు; ఎన్నడును పేలరానిదై యుండవలెను. గడీలలోను, పాత ఇండ్లలోను గోడలకు వ్రేలాడు తుపాకులు గలవారు తమంతట తాము తీర్పు చెప్పుకొనక అధికారులకు చూపి నిర్ణయము పొందుట మంచిది. లైసెన్సుదారు మరణించిన యింటిలో తుపాకి మిగిలినచో, ఆలస్యము చేయక సమీప పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వ్యాపారి వద్దనో అప్పగింపవలెను.

ఇంటిలో పాటింపదగినవి

పిల్లలకు బొమ్మ తుపాకి కొనక తప్పనిచో, చూడగానే బొమ్మయని తెలియు పచ్చనిదో ఎఱ్ఱనిదో కొనవలెను. 2021 జనవరి 1 నుండి పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, ఆ ముద్రను చూచి కొనవలెను. నారింజరంగు తొడుగును, రంగును తీసివేయనీయరాదు, నల్లరంగు పూయనీయరాదు. బడికి, బస్సులోనికి, అంగడిలోనికి బొమ్మ తుపాకిని పంపరాదు. రీలు తుపాకిని పెద్దలు దగ్గరనుండి, ముఖములకును చెవులకును దూరముగా పేల్పింపవలెను. కార్బైడు గొట్టము ఆటవస్తువు కాదని పిల్లలకు తెలియజెప్పవలెను.

నాటక సమాజములవారు కఱ్ఱ తుపాకితో తృప్తిపడుట ఉత్తమము. చప్పుడు తెరవెనుకనుండి వచ్చినను ప్రేక్షకుడు నమ్మును. పొలమునగాని, అటకమీదగాని, పాత పెట్టెలోగాని తుపాకివంటి వస్తువు కనబడినచో దానిని త్రిప్పి మొనలోనికి చూడరాదు. మీట లాగి పరీక్షింపరాదు. ఉన్నచోటనే యుంచి పిల్లలను దూరముగా పంపి ఠాణాకు తెలియజేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. తుపాకి విద్య నేర్పువారు మొదటి పాఠముగా చెప్పునది: ప్రతి తుపాకియు మందు దట్టించినదే యని తలచవలెను, దాని మొనను మనుష్యునివైపు ఎన్నడును త్రిప్పరాదు. ఈ పాఠము అసలు తుపాకి పట్టువానికి మాత్రమే యని తలచరాదు. బొమ్మ పట్టిన బాలుడు తమ్ముని నుదుటికి గురిపెట్టి నవ్వునపుడు ఆ చేతికి ఒక అలవాటు నేర్పుచున్నాము. నకలుతో నేర్చిన చేయి అసలు దొరికిననాడు అదే పని చేయును. కావున మొన నేలవైపు త్రిప్పుమని పెద్దలు అప్పుడే, ఆ నవ్వులోనే, మెల్లగా చెప్పవలెను.